దయ్యాల ఊరు... పిల్లల బడి

అక్టోబరు వస్తే అమెరికాలోని సేలం పట్టణం దయ్యాలతో, మంత్రగత్తెలతో కిటకిటలాడుతుంది. పిల్లలు కేరింతలు కొడుతూ భయపడతారు. ఆ భయంలోంచే లెక్కలు, సైన్సు, చరిత్ర నేర్చుకుంటారు. ఒకప్పుడు అదే చోట పిల్లల భయాన్ని పెద్దలు నమ్మేసినందుకు ఇరవై నిండు ప్రాణాలు పోయాయి!

పోలీసు కారు తలుపు మీద చీపురుకట్ట ఎక్కి ఎగిరిపోతున్న మంత్రగత్తె బొమ్మ. హైస్కూలు ఆటల జట్టు పేరు 'విచెస్'... అంటే మంత్రగత్తెలు. ఓ ప్రాథమిక పాఠశాల పేరు 'విచ్‌క్రాఫ్ట్ హైట్స్'. మన భాషలో చెప్పుకోవాలంటే 'చేతబడి గుట్ట బడి' అన్నమాట! రోజూ పొద్దున్నే పిల్లలు పుస్తకాల సంచీ తగిలించుకుని ఆ బడికి హాయిగా వెళ్లొస్తుంటారు.

ఇది కథల పుస్తకంలోని ఊరు కాదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న సేలం. ఆ పేరు వినగానే మనకు తమిళనాడు సేలం, అక్కడి మామిడిపళ్లు గుర్తుకొస్తాయి. ఈ సేలం వేరు. హీబ్రూ భాషలో 'శాంతి' అన్న మాట నుంచి పుట్టిన పేరు ఇది. పేరుకు తగ్గ చరిత్ర మాత్రం కాదు.

2020 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనం 44 వేల పైచిలుకు. 2022 అక్టోబరు ఒక్క నెలలోనే వచ్చిన సందర్శకులు పది లక్షల పైమాటే! కారణం హాలోవీన్. అక్టోబరు 31 రాత్రి జరిగే ఈ దయ్యాల పండగను అమెరికా అంతా చేసుకుంటుంది. సేలం మాత్రం నెల పొడవునా చేసుకుంటుంది. అయితే ఈ ఊరి విశేషం వేషాలూ మిఠాయిలూ మాత్రమే కాదు. భయాన్ని పిల్లల చేతికిచ్చి, 'ఇదిగో, విప్పి చూడు... లోపలేముందో నువ్వే చెప్పు' అనడం ఈ ఊరి అసలు గొప్పతనం.

టోపీ చూసి మోసపోవద్దు

బోస్టన్‌లోని నార్త్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే అరగంటలో సేలం. అక్టోబరులో కారులో వెళ్లామా, అంతే సంగతులు... పార్కింగుకు చోటు దొరకదు. 'రైలెక్కి రండి బాబూ' అని ఊరివాళ్లే బతిమాలుతుంటారు. స్టేషన్ నుంచి నడిచి వెళుతుంటే ఎదురొచ్చేవాళ్లలో సగం మందికి నల్లటి మొనదేలిన టోపీలు. తోపుడు కుర్చీలో నిద్రపోతున్న పసిపాప గుమ్మడికాయ వేషంలో ఉంటుంది. దాన్ని తోసుకెళుతున్న తండ్రి అస్థిపంజరం. పక్కనే నడుస్తున్న తల్లి గబ్బిలం!

కాస్త ముందుకెళితే పాత చర్చి భవనంలో సేలం విచ్ మ్యూజియం. 1972 నుంచీ ఉంది. దాని ఎదురుగా ఓ నిలువెత్తు కంచు విగ్రహం. పెద్ద అంచుల టోపీ, గాలికి రెపరెపలాడే పొడవాటి అంగీ, కోపంగా చూస్తున్న ముఖం. 'అమ్మో, మంత్రగత్తె!' అంటూ జనం పక్కన నిలబడి ఫొటోలు దిగేస్తుంటారు. తీరా కింద చెక్కిన పేరు చదివితే రోజర్ కొనాంట్ అని ఉంటుంది. 1626లో ఈ ఊరిని స్థాపించిన పెద్దాయన! మంత్రాలకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఆ కాలంలో మగవాళ్లు వేసుకునే మామూలు బట్టలే అవి. పిల్లలకు ఈ ఊరు నేర్పే మొదటి పాఠం అక్కడే మొదలవుతుంది. టోపీ చూసి మనిషిని మంత్రగత్తె అనేయకూడదు. ముందు పేరు చదవాలి.

అక్టోబరు మొదట్లో పెద్ద ఊరేగింపుతో 'హాంటెడ్ హ్యాపెనింగ్స్' సంబరాలు మొదలవుతాయి. స్థానిక బడిపిల్లలు వేషాలు కట్టి అందులో నడుస్తారు. 1982లో పిల్లాపాపలతో కుటుంబాలు రావాలని చిన్న వారాంతపు ఉత్సవంగా దీన్ని ప్రారంభించారు. ఇప్పుడది ఊరు పట్టనంత పెద్దదైంది. విచిత్రం ఏమిటంటే, ఆనాటి సేలంవాసులకు అసలు ఈ పండగే లేదు. వాళ్లు ప్యూరిటన్లు, మహా నిష్ఠాపరులు. ఆ రాష్ట్రంలో 1659 నుంచి 1681 వరకూ క్రిస్మస్ చేసుకున్నా జరిమానా వేసేవారు. ఇక దయ్యాల పండగ మాట ఎక్కడిది?

హాలోవీన్ పుట్టిల్లు ఐర్లండ్. పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే రోజున అక్కడి పాత తెగలు 'సావిన్' అనే పండగ చేసుకునేవి. ఆ రాత్రి చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారని నమ్మకం. వాటిని బెదరగొట్టడానికి టర్నిప్ దుంపల్ని తొలిచి, కోరల ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టే అలవాటు ఐర్లండ్‌లో ఉండేది. 1840ల్లో కరవు తట్టుకోలేక ఐరిష్ ప్రజలు లక్షలాదిగా అమెరికా వలస వెళ్లారు. అక్కడ దుంపకన్నా పెద్దదీ, తొలవడానికి సులువైనదీ కనిపించింది. అదే గుమ్మడికాయ!

గుమ్మడికాయ చెప్పే లెక్కలు

ఆ గుమ్మడికాయ అమెరికా తరగతి గదిలోకి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. అక్టోబరులో చాలా ప్రాథమిక పాఠశాలల్లో అదే నల్లబల్ల, అదే ప్రయోగశాల.

ముందు టీచరు కాయను బల్ల మీద పెట్టి అడుగుతుంది, 'ఎంత బరువుంటుంది?' అని. తలా ఒక అంకె చెబుతారు. ఆ తర్వాత తూకం వేస్తారు. ఎవరు దగ్గరగా చెప్పారో తేలుతుంది. తర్వాత దారం తీసుకుని నడుం చుట్టుకొలత. అడ్డంగా ఎంత ఉందో కూడా కొలిచి, ఒకదాన్ని మరోదానితో భాగిస్తే ఇంచుమించు మూడు చిల్లర వస్తుంది. 'పై' విలువ ఏమిటో తెలియని వయసులోనే దాన్ని చేత్తో పట్టుకున్నట్టు! 

'నీళ్లలో వేస్తే మునుగుతుందా, తేలుతుందా?' ఇది ఇంకో ప్రశ్న. ఇంత బరువు కాయ మునగక ఏం చేస్తుంది అని పిల్లలంతా చేతులెత్తుతారు. తొట్టెలో వేయగానే అది దర్జాగా తేలుతుంది. లోపల డొల్ల కదా! ఎందుకు తేలిందో అప్పుడు వాళ్లే కారణం వెతుక్కుంటారు.

ఇక గింజల లెక్క. కోయకముందే ఎన్నుంటాయో రాసుకోవాలి. కోశాక ఆ జిగురు గుజ్జులో చేతులు పెట్టి 'ఛీ' అనుకుంటూ, నవ్వుకుంటూ గింజలు ఏరాలి. పదేసి కుప్పలు, పది కుప్పలు కలిపితే వంద. ఒకట్లు, పదులు, వందల స్థానాలు ఎక్కాల పుస్తకంలో కన్నా ఇక్కడ తొందరగా వంటబడతాయి. పెద్ద కాయలో గింజలు ఎక్కువుంటాయా? గీతలు ఎక్కువున్న కాయలోనా? పిల్లలు పందెం కాస్తారు, లెక్కపెడతారు, చాలాసార్లు ఓడిపోతారు. అనుకున్నది వేరు, తేలింది వేరు అని ఏడేళ్లకే తెలిసిరావడం చిన్న విషయం కాదు.

పండగయ్యాక కూడా కాయకు సెలవు లేదు. ముఖం చెక్కిన కాయను గాజు పెట్టెలో పెట్టి రోజూ చూస్తారు. మొదట నల్ల మచ్చలు, తర్వాత తెల్లటి బూజు, ఆ తర్వాత ముఖం లోపలికి కుంగిపోవడం... రోజుకో బొమ్మ గీసి తేదీ వేస్తారు. కుళ్లడం అంటే ఏమిటో, మట్టి ఎలా తయారవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గబ్బిలానిదీ అదే కథ. పాఠంలో భాగంగా కొన్నిచోట్ల ఒక ఆట ఆడిస్తారు. అచ్చం మన కళ్లగంతలే. కళ్లకు గంతలు కట్టుకున్న పిల్ల గబ్బిలం. చుట్టూ ఉన్నవాళ్లు పురుగులు. గబ్బిలం 'బ్యాట్' అని అరిస్తే పురుగులు 'మాత్' అని పలకాలి. ఆ చప్పుడును బట్టి పట్టుకోవాలి. అరుపు వెళ్లి తగిలి తిరిగొచ్చే ధ్వనితో గబ్బిలం చీకట్లో దారి ఎలా తెలుసుకుంటుందో ఆటలోనే అర్థమైపోతుంది. 

గోడకు వేలాడే అస్థిపంజరం ఎముకల పాఠం చెబుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు. వాటిలో సగానికి పైగా, అంటే 106 చేతుల్లోనూ పాదాల్లోనే ఉన్నాయంటే పిల్లలు వెంటనే తమ వేళ్లు తడుముకుని చూసుకుంటారు. మర్నాడు సంచీలో పోగైన చాక్లెట్లను రకాల వారీగా పేర్చితే అదే బార్ గ్రాఫ్. కొందరు పిల్లలు సంచీతోపాటు నారింజ రంగు డబ్బా కూడా పట్టుకెళ్లి యునిసెఫ్ కోసం చిల్లర అడుగుతారు. 1950లో మొదలైన అలవాటిది. మిఠాయి తనకు, చిల్లర ఎక్కడో ఉన్న మరో పిల్లాడికి.

అన్ని బడులూ ఈ పండగ చేస్తాయనుకుంటే పొరపాటు. దయ్యాల పండగ తమ మతానికి సరిపడదనే తల్లిదండ్రులున్నారు. వేషాలు కొనలేని పిల్లలు చిన్నబుచ్చుకుంటారనే టీచర్లున్నారు. అందుకే కొన్నిచోట్ల దాని బదులు 'పంటల పండగ' చేస్తారు. అక్కడా గుమ్మడికాయ మాత్రం తప్పదు!

ఆ ఏడాది ఏం జరిగిందంటే...

ఇంత సరదా ఉన్న సేలంలో ఓ చేదు నిజమూ ఉంది. ఇక్కడి పెద్దలు దాన్ని పిల్లల దగ్గర దాచిపెట్టరు.

1692 చలికాలం. సేలం విలేజ్ అని పిలిచే పక్క పల్లె. ఇప్పుడు దాని పేరు డాన్వర్స్. అక్కడి చర్చి పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు ఒంట్లో ఏదో తేడా చేసింది. కూతురు బెట్టీకి తొమ్మిదేళ్లు. మేనకోడలు అబిగైల్‌కు పదకొండు. ఉన్నట్టుండి అరుపులు, వంకర్లు తిరిగిపోవడం, ఎవరో గిల్లుతున్నారని ఏడుపు. వైద్యుడికి జబ్బేమిటో అంతుపట్టలేదు. 'ఇది దుష్టశక్తి పనే' అని తేల్చేశాడు. పన్నెండేళ్ల ఆన్ పుట్నమ్‌తో సహా మరికొందరు ఆడపిల్లలకూ అలాగే మొదలైంది.

'ఎవరు చేశారు? చెప్పండి' అని పెద్దలు గుచ్చి గుచ్చి అడిగారు. పిల్లలు పేర్లు చెప్పారు. మొదట బయటికొచ్చిన పేర్లు మూడు. పాస్టరు ఇంట్లో బానిసగా ఉన్న టిటుబా. ఇంటింటికీ తిరిగి అడుక్కునే శారా గుడ్. జబ్బుపడి చర్చికి రావడం మానేసిన శారా ఆస్బోర్న్. వెనకేసుకొచ్చేవాళ్లు లేని ఆడవాళ్లు ముగ్గురూ! అక్కడితో ఆగలేదు. పొలం గట్టు తగాదాలు, పాత కక్షలు అన్నీ దీంతో కలిసిపోయాయి. చూస్తుండగానే నిందపడినవాళ్లు నూట యాభై దాటారు. శారా గుడ్ కూతురు డొరొతీకి నాలుగైదేళ్లు ఉంటాయేమో. ఆ పసిదాన్నీ మంత్రగత్తె అన్నారు. సంకెళ్లు వేసి నెలల తరబడి జైల్లో పెట్టారు.

సాక్ష్యం ఏమిటి? 'ఫలానా ఆమె ఆకారం రాత్రి నా మీదికొచ్చి గొంతు నులిమింది' అంటే చాలు. ఆ సమయంలో ఆమె తన ఇంట్లో నిద్రపోతున్నా సరే, తప్పించుకోలేదు. మనిషి కాదు, ఆమె నీడ వచ్చిందనేవారు! నేరం ఒప్పుకుంటే ప్రాణం దక్కేది. 'నేను కాదు మొర్రో' అన్నవాళ్లే ఉరికంబం ఎక్కారు. జూన్ నుంచి సెప్టెంబరులోగా 19 మందిని ఉరితీశారు. వాళ్లలో 14 మంది ఆడవాళ్లు, అయిదుగురు మగవాళ్లు. గైల్స్ కోరీ అనే ఎనభై ఏళ్ల ముసలాయన విచారణకే ఒప్పుకోకపోతే ఒంటి మీద బండలు పేర్చి చంపారు. జైల్లో పోయినవాళ్లు వేరే. 'నీడల సాక్ష్యం చెల్లదు' అని చదువుకున్నవాళ్లు గట్టిగా అడ్డం తిరిగాక, అక్టోబరులో గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు.

న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ సీవాల్ 1697లో చర్చిలో అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. ఆన్ పుట్నమ్ పెద్దదయ్యాక 1706లో క్షమాపణ కోరింది. చచ్చిపోయినవాళ్లు మాత్రం తిరిగిరాలేదు.

మాట మధ్యలో గోడ

ఊరి నడిబొడ్డున చార్టర్ స్ట్రీట్ శ్మశానం ఉంది. 1637 నాటిది. దాని పక్కనే 1992లో, అంటే ఘోరం జరిగి సరిగ్గా 300 ఏళ్లు నిండినప్పుడు, స్మారకం కట్టారు. నాజీల మరణ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఎలీ వీజెల్ దాన్ని అంకితం చేశారు.

మంత్రగత్తె బొమ్మలూ రంగు దీపాలూ అక్కడ ఉండవు. మూడు వైపులా రాతి గోడ. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన 20 రాతి బల్లలు. ఒక్కో బల్ల మీద ఒక్కో పేరు, ఎలా చంపారు, ఏ తేదీన... అంతే. లోపలికి అడుగుపెట్టే చోట కాళ్ల కింద రాళ్ల మీద ఆనాటి నిందితులు కోర్టులో చెప్పిన మాటలు చెక్కి ఉంటాయి. 'నాకేపాపం తెలియదు' అని మొత్తుకున్న మాటలు. అవి చదువుతూ వెళితే వాక్యం మధ్యలోనే గోడ అడ్డొస్తుంది. మిగిలిన సగం గోడ కింద ఉండిపోతుంది. వాళ్ల మాట ఎవరూ పూర్తిగా వినలేదని పిల్లలకు అర్థం కావడానికి ఉపన్యాసం అక్కర్లేదు.

గోడకు అవతల ఉన్న శ్మశానంలో జాన్ హాథార్న్ సమాధి ఉంది. ఆనాటి న్యాయమూర్తుల్లో కరకుగా ప్రశ్నించినవాడు ఆయనే. ఆయన వంశంలోనే తర్వాత ప్రఖ్యాత రచయిత నథానియల్ హాథార్న్ పుట్టాడు. తీర్పు చెప్పినాయనకు పేరున్న సమాధి దక్కింది. ఉరి తీసినవాళ్లకు శ్మశానంలో చోటు కూడా ఇవ్వలేదు. వాళ్లను ఎక్కడ ఉరితీశారో 2016లో గానీ పరిశోధకులు నిర్ధారించలేకపోయారు. ఇళ్ల మధ్య, ఓ మందుల దుకాణం వెనకున్న రాళ్ల గుట్ట అది. పేరు ప్రోక్టర్స్ లెడ్జ్. 2017లో అక్కడా చిన్న స్మారకం పెట్టారు.

'ఇంత విషాదం జరిగిన చోట టోపీలు అమ్ముకోవడమేమిటి?' అనే విమర్శ సేలంకు కొత్త కాదు. 2005లో 'బివిచ్డ్' టీవీ సీరియల్‌లోని సరదా మంత్రగత్తెకు ఊళ్లో విగ్రహం పెట్టినప్పుడు కూడా గొడవైంది. అసలు కథ మొదలైన డాన్వర్స్ ఈ సందడికి దూరంగా, మౌనంగానే ఉండిపోయింది. రెంటిలో ఏది సరైనదో చెప్పడం కష్టం. అయితే సందడి చూడటానికొచ్చిన పిల్లాడు ఆ బల్లల దగ్గర ఒక్క నిమిషం ఆగి, 'ఈమె ఏం తప్పు చేసింది?' అని అమ్మను అడిగితే... ఆ సందడి వృథా కాలేదు.

ఎనిమిదో తరగతి గెలిచిన కేసు

అలా అడిగిన పిల్లలు ఏం చేయగలరో తెలియాలంటే సేలం నుంచి కొద్ది దూరంలో ఉన్న నార్త్ ఆండోవర్ వెళ్లాలి.

1692లో ఇక్కడ ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఉండేది. ఆమె మీదా మంత్రగత్తె అన్న ముద్ర పడింది. 1693లో ఉరిశిక్ష వేశారు. గవర్నరు ఆపడంతో ప్రాణం దక్కింది. కానీ దోషి అన్న ముద్ర పోలేదు. 1711లో ప్రభుత్వం చాలామందిని నిర్దోషులుగా ప్రకటించినప్పుడు ఆమె పేరు అందులో లేదు. తన పేరూ చేర్చమని మరుసటి ఏడాది ఆమే అర్జీ పెట్టుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత 1957లో, 2001లో మిగిలినవాళ్ల పేర్ల మీది మచ్చ తుడిచేశారు. అప్పుడూ ఈమె మిగిలిపోయింది. మిగతావాళ్ల కోసం మునిమనవలు పోరాడారు. ఈమెకు పిల్లల్లేరు. అడిగేవాళ్లే లేకపోయారు.

అడిగింది ఎవరంటే... నార్త్ ఆండోవర్ మిడిల్ స్కూలు ఎనిమిదో తరగతి పిల్లలు! పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లు. పౌరశాస్త్రం టీచరు ఈ కథ చెప్పి, దీన్నే ప్రాజెక్టుగా తీసుకుందామన్నారు. ఎనిమిదో తరగతిలో విద్యార్థులు ఓ పౌరశాస్త్ర ప్రాజెక్టు చేయాలని 2018లో మసాచుసెట్స్ చట్టం చేసింది. పిల్లలు పాత కోర్టు కాగితాలు తిరగేశారు. చట్టం ఎలా తయారవుతుందో, ఎవరికి రాయాలో నేర్చుకున్నారు. చట్టసభ సభ్యులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. వాళ్ల పట్టుదల చూసి సెనేటర్ డయానా డిజోగ్లియో 2021లో బిల్లు పెట్టారు. అది ముందుకు కదలలేదు. ఒక బ్యాచ్ పై తరగతికి వెళ్లిపోతే తర్వాతి బ్యాచ్ అందుకుంది.

చివరికి 2022 జులైలో రాష్ట్ర బడ్జెట్‌తోపాటే ఆ సవరణకూ ఆమోదం లభించింది. శిక్ష పడిన 329 ఏళ్లకు ఎలిజబెత్ జాన్సన్ నిర్దోషి అయింది. సేలం కేసుల్లో మిగిలిపోయిన చిట్టచివరి 'మంత్రగత్తె' ఆమే.

1692లో పిల్లలు చెప్పిన పేర్లను పెద్దలు గుడ్డిగా నమ్మారు. 2022లో పిల్లలు కాగితాలు తిరగేసి, సాక్ష్యం చూపించి, పెద్దలను ఒప్పించారు. ఆ పిల్లలూ ఈ పిల్లలూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు. మధ్యలో వచ్చిన మార్పు పేరే చదువు!

మన గుమ్మంలోనూ గుమ్మడికాయే

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ పండగ ఇప్పుడు మామూలే. దసరాకు బొమ్మల కొలువు పెట్టిన చేతులతోనే వాకిట్లో గుమ్మడికాయకు ముఖం చెక్కుతారు. కాసిని రోజులు అటూ ఇటూగా దీపావళి. హైదరాబాద్‌లోనూ పెద్ద అపార్ట్‌మెంట్లలో, కొన్ని బడుల్లో హాలోవీన్ వేషాలు కనిపిస్తున్నాయి. 'మనకెందుకండీ ఈ దయ్యాల గోల' అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు.

నిజానికి ఇందులో మనకు కొత్తేముంది? కొత్త ఇల్లు కట్టగానే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. కోరలు, మీసాలతో రాక్షసుడి ముఖం తగిలిస్తాం. అక్కడ ఐరిష్‌వాళ్లది ఏ భయమో ఇక్కడ మనదీ అదే. వేషాలంటారా, పగటివేషగాళ్లను మించినవాళ్లెవరు? ఇంటింటికీ తిరిగి మిఠాయి అడగడం కూడా మనకు తెలిసిన పనే. ఒకప్పుడు దసరాకు పంతులుగారు బడిపిల్లలను వెంటబెట్టుకుని, చేతికి రంగుల విల్లంబులిచ్చి, పద్యాలూ పాటలూ పాడిస్తూ ఊరంతా తిప్పేవారు. పంతులుగారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు. నేర్చుకున్నది నలుగురి ముందూ వినిపించి, మిఠాయి సంపాదించుకోవడం... ఇంతకన్నా మంచి చదువుల పండగ ఏముంటుంది?

పండగ ఉంది, గుమ్మడికాయ ఉంది. సేలం దగ్గర నేర్చుకోవాల్సింది ఆ మూడోది, అంటే ప్రశ్నించడం. ఎందుకంటే సేలంలో 1693తో ముగిసిన కథ మన దగ్గర ఇంకా ముగియలేదు. తెలంగాణలో బాణామతి అన్నా, ఉత్తరాంధ్రలో చిల్లంగి అన్నా, మరోచోట చేతబడి అన్నా విషయం ఒక్కటే. ఊళ్లో ఎవరికో జ్వరం వస్తుంది, పశువు చచ్చిపోతుంది. వేలు ఎవరి వైపు చూపిస్తారంటే... ఒంటరి ముసలమ్మ వైపు, లేదంటే పొలం తగాదా ఉన్న ఇంటి వైపు. కట్టేసి కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, ప్రాణాలే తీయడం... ఇవన్నీ మన పత్రికల్లో చదివిన వార్తలే. దేశంలో హత్యలకు కారణాల్లో 'మంత్రాల నెపం' అనేదాన్ని జాతీయ నేర గణాంకాల సంస్థ ఇప్పటికీ విడిగా లెక్కకట్టాల్సి వస్తోంది. 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద రాసుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. దాన్ని ఇప్పుడు తలుచుకుని నవ్వుకుంటాం. ఆ రాతకు ప్రాణాలు పోలేదు కాబట్టి నవ్వగలుగుతున్నాం.

దీనికి మందు మన దగ్గరా ఉంది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, సైన్సు మాస్టార్లు ఎన్నో ఏళ్లుగా ఊరూరా తిరిగి 'మంత్రాల' గుట్టు విప్పి చూపిస్తూనే ఉన్నారు. నిమ్మకాయలోంచి నెత్తురు రప్పిస్తారు. వెంటనే ఆ మాయ వెనకున్న రసాయనం ఏమిటో చెబుతారు. ముందు నోళ్లు వెళ్లబెట్టి, తర్వాత పడీపడీ నవ్వే పిల్లలను చూస్తే తెలుస్తుంది, భయం ఎంత త్వరగా సరదాగా మారిపోతుందో. అలా ఒక్కసారి గుట్టు తెలిసిన పిల్లాడు, రేపు ఊళ్లో ఎవరో ఒక ముసలమ్మను వేలెత్తి చూపితే 'నువ్వు కళ్లారా చూశావా?' అని అడుగుతాడు. 1692లో సేలంలో ఆ ప్రశ్నకు విలువ ఇచ్చి ఉంటే ఆ ఇరవై బల్లల అవసరమే ఉండేది కాదు.

మన ఇంట్లోనే... దయ్యాల బడి!

నెత్తుటి నీళ్లు: గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు కలపండి. పిల్లలు చూస్తుండగా తేరుకున్న సున్నపు నీళ్లు కొద్దిగా పోయండి. ఎర్రగా మారిపోతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చ! క్షారం, ఆమ్లం పాఠం అయిపోయినట్టే. సున్నం పని పెద్దవాళ్లే చేయాలి. కళ్లలో పడకుండా జాగ్రత్త.

గోడ మీద దయ్యం: కరెంటు పోయినప్పుడు టార్చి ముందు చెయ్యి పెట్టించండి. చెయ్యి లైటుకు దగ్గరైతే నీడ కొండంత, దూరమైతే పిడికెడంత. దయ్యం సైజు ఎవరి చేతుల్లో ఉందో పిల్లలే కనిపెడతారు.

గుమ్మడి గింజలు: తీపి గుమ్మడికాయ కోసేముందు ఎన్ని గింజలుంటాయో ఇంట్లో అందరూ కాగితం మీద రాయండి. పదేసి కుప్పలు పోయించి లెక్కపెట్టండి. గెలిచినవాళ్లకు వేయించిన గింజలు.

గుండె దడ: దయ్యం కథ చెప్పే ముందు, చెప్పాక పిల్లల చేత నాడి చూయించి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో రాయించండి. కథ అబద్ధమైనా గుండె పరుగు నిజమేనని తెలుస్తుంది. ఎందుకలా అని అడుగుతారు. అక్కణ్నుంచి పాఠం మొదలు!